మెల్లో పండితుడు

మెల్లో పండితుడు స్వీడన్ దేశమంతటా కనిపించే మనిషి. ఏడాదిలో పదిన్నర నెలలు అతను బ్యాంకు గుమాస్తా, బస్సు డ్రైవరు, బడిపంతులు, పళ్ళ డాక్టరు. మిగిలిన నెలన్నర, అంటే ఫిబ్రవరి మొదట్నుంచి మార్చి రెండో వారం దాకా, సంగీత విమర్శకుడు, నృత్య దర్శకుడు, లైటింగ్ నిపుణుడు, ఓట్ల లెక్కల్లో ఘనాపాఠి. ఈ నాలుగు విద్యలకూ కలిపి అతనికున్న అర్హత ఒక్కటే: టీవీకి ఎదురుగా సోఫా. ఈ జాతిలో ఆడవాళ్ళకూ కొదవ లేదు. ఇక్కడ 'అతను' అనడం రాత సౌలభ్యానికే.

ఇతని పుట్టుకకు మూలం యూరోవిజన్ పాటల పోటీ. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన ఈ పోటీకి ఇప్పుడు ఒక్కో దేశం ఒక్కో పాట పంపుతుంది. ఆ పాటను ఎలా ఏరుకోవాలన్నది ఆయా దేశాల ప్రసార సంస్థల ఇష్టం. కొన్నిచోట్ల నలుగురు అధికారులు తలుపేసుకుని కూర్చుని తేల్చేస్తారు. ఇటలీ తన సాన్‌రెమో ఉత్సవంలో గెలిచినవారికి మొదటి అవకాశం ఇస్తుంది. స్వీడన్ ప్రజా ప్రసార సంస్థ ఎస్‌వీటీ మాత్రం పాట ఎంపికనే ఊరూరా తిరిగే జాతరగా మార్చింది. దాని అసలు పేరు మెలోడిఫెస్టివాలెన్, జనం నోట మెల్లో. స్వీడన్ జనాభా కోటీ ఆరు లక్షలు. మెల్లో ఫైనల్ చూసేవాళ్ళు మామూలుగా 30 లక్షలు దాటుతారు. ఆ 30 లక్షల్లో పండితులు కానివాళ్ళు ఎవరో చెప్పడం కష్టం.

పండితుడికి చరిత్ర కంఠోపాఠం. ఆ చరిత్రలో రాజులూ యుద్ధాలూ ఉండవు, అన్యాయాలుంటాయి. 1959లో మెల్లోలో పాడి గెలిచింది సీవ్ మాల్మ్‌క్విస్ట్; ఆ పాటను కాన్ నగరానికి తీసుకెళ్ళి పాడింది బ్రీటా బోరి. 1961లో మళ్ళీ సీవే గెలిచింది. ఈసారి వెళ్ళింది లిల్-బాబ్స్. 1963లో మోనికా సెట్టర్‌లుండ్ లండన్‌లో పాడి సున్నా పాయింట్లతో తిరిగొచ్చింది. ఆమె స్వీడన్ జాజ్‌లో అగ్రగణ్యురాలు కాబట్టి ఆ సున్నా యూరప్ చెవులకు వచ్చిన మార్కని పండితుడి సిద్ధాంతం. 1973లో నిపుణుల జ్యూరీ 'రింగ్ రింగ్' పాటను మూడో స్థానంలో పెట్టింది. మరుసటి ఏడు నిపుణులను పక్కనబెట్టి తీర్పు ప్రాంతీయ జ్యూరీలకు అప్పగించారు. 'రింగ్ రింగ్' పాడిన నలుగురే ఈసారి 'వాటర్‌లూ'తో గెలిచి, 1974 ఏప్రిల్ 6న బ్రైటన్‌లో యూరప్‌నూ గెలిచారు. ఆ నలుగురూ అబ్బా బృందం. బ్రైటన్‌లో బ్రిటన్ జ్యూరీ వాళ్ళకు ఒక్క పాయింటూ విదల్చలేదు. వీటన్నిటి నుంచీ పండితుడు తీసిన నీతి ఒకటే: నిపుణులకు ఏమీ తెలీదు. ఆ నీతి తనకూ వర్తిస్తుందేమోనన్న అనుమానం అతనికి ఏనాడూ రాలేదు.

గెలిచిన దేశం మరుసటి ఏడు ఆతిథ్యం ఇవ్వాలి కనుక 1975 పోటీ స్టాక్‌హోమ్‌లో జరిగింది. ఖర్చు తడిసి మోపెడయింది. వ్యాపార సంగీతం మీద ఇంత డబ్బు తగలేయడమేమిటని వామపక్ష సంగీతకారులు పోటీగా ఇంకో ఉత్సవమే పెట్టారు. 1976లో స్వీడన్ అసలు పాల్గొనలేదు. ముసలి పండితుడు వయసు చెప్పేటప్పుడు ఆ ఏడాదిని తీసేసి చెబుతాడు.

ఎంపిక పని ప్రతి ఏడూ ముందుగానే మొదలవుతుంది. దేశం నలుమూలల నుంచీ వచ్చే పాటలు రెండు వేలు దాటుతాయి. ఎంపిక బృందం వాటిలో కొన్నిటిని ఏరుతుంది, కొందరు కళాకారులను ఎస్‌వీటీయే పిలుస్తుంది. చివరికి మిగిలేవి 30 పాటలు, ఒక్కోటి మూడు నిమిషాలు దాటకూడదు. పాడేవాళ్ళ పేర్లు శీతాకాలం మొదట్లో బయటికొస్తాయి. పాటలు వినబడటానికి ఇంకా వారాలు పడుతుంది. తీర్పు చెప్పడానికి పండితుడికి ఇంతకన్నా అనువైన కాలం లేదు. పాట విన్నాక మనసు అటూ ఇటూ ఊగుతుంది. "ఈ ఏడు సరుకు లేదు" అన్నది అతని తొలి పలుకు. పోయినేడు సరుకుండేదని కూడా అప్పుడే ఒప్పుకుంటాడు. పోయినేడు ఇదే సమయానికి ఆ సరుకునూ లేదన్నాడు. పాటల రచయితల జాబితాలో థామస్ జీసన్ పేరు కనబడితే "మళ్ళీ ఆయనేనా!" అంటాడు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ మనిషే 'యుఫోరియా', 'టాటూ' అనే రెండు యూరోవిజన్ విజయాల సహరచయిత.

2002కు ముందు మెల్లో తంతు చిన్నది. ఆ ఏడు క్రిస్టర్ బ్యోర్క్‌మన్ పగ్గాలు పట్టాక అది వారాల తరబడి సాగింది: వారానికో ఊళ్ళో పోటీ, ఓడినవాళ్ళకు రెండో అవకాశం, చివర స్టాక్‌హోమ్‌లో ఫైనల్. బ్యోర్క్‌మన్ స్వయంగా 1992లో మాల్మోలో స్వీడన్ తరఫున పాడి 23 పాటల్లో 22వ స్థానం తెచ్చుకున్నవాడు. చివర్నుంచి రెండో స్థానం వచ్చినాయన మనకు పాటలు ఏరిపెట్టడమేమిటని పండితుడు చాలాకాలం గొణిగాడు. ఆయన హయాంలోనే 2012లో లోరీన్, 2015లో మోన్స్ సెల్మెర్లోవ్ యూరోవిజన్ గెలిచాక "ఆయన సత్తా నాకు ముందే తెలుసు" అన్నాడు.

2024 నుంచి పద్ధతి ఇది: ఐదు ఊళ్ళు, ఊరికి ఆరు పాటలు. ప్రతి ఊళ్ళోనూ మొదటి రెండు పాటలు నేరుగా ఫైనల్‌కు వెళ్తాయి. మూడో స్థానంలో నిలిచిన ఐదూ ఇంకోసారి తలపడితే వాటిలో రెండు గట్టెక్కుతాయి. మొత్తం 12. 2025లో ఈ ఊరేగింపు ఉత్తరాన లులియోలో బయల్దేరి గోథెన్‌బర్గ్, వెస్టెరోస్, మాల్మో, యోన్‌షోపింగ్ మీదుగా స్టాక్‌హోమ్ పక్కనున్న సోల్నా స్టేడియం చేరింది. పండితుడు ఏ ఊరూ వెళ్ళడు. స్టేడియంలో కూర్చుంటే పాట సరిగ్గా కనబడదని అతని అభిప్రాయం.

ప్రసారం శనివారం రాత్రి ఎనిమిదింటికి. ఏడున్నరకల్లా ఇంట్లో రంగం సిద్ధం. బల్ల మీద చిప్స్ గిన్నె. స్వీడన్‌లో పిల్లలకు మిఠాయిలు శనివారమే పెట్టే అలవాటు కాబట్టి పక్కనే ఓ మిఠాయి పొట్లం. ఫిబ్రవరి గనక మీగడ కూరిన సెమ్లా బన్నులు. పండితుడి ఒళ్ళో అట్ట, అట్ట మీద స్కేలు పెట్టి గీసిన గళ్ళ కాగితం: పాట, గొంతు, బట్టలు, వేదిక, మొత్తం. గడికి పది మార్కులు. మొదటి పాటకు గొంతు గడిలో నాలుగు వేస్తాడు. మొదట్లోనే చెయ్యి జారితే చివర్లో ఇబ్బంది. మూడో పాటలో కింద పెట్టిన పెద్ద ఫ్యాను తిరుగుతుంది, గాయని జుట్టు ఎగురుతుంది. 1991లో రోమ్‌లో స్వీడన్ గాయని కరోలా ఇలాంటి గాలిలో నిలబడే యూరప్ గెలిచిందని గుర్తొచ్చి పండితుడు నిటారుగా కూర్చుంటాడు. రెండు నిమిషాలు దాటాక ఆఖరి పల్లవికి శ్రుతి ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. "ఎక్కింది, ఎక్కింది!" అని భార్య మోకాలు తడతాడు. ఆమె చూస్తూనే ఉంది. గొంతు గడిలో వేసిన ఏడు కొట్టేసి ఎనిమిది చేస్తాడు. ఆరు పాటలూ అయ్యాక కూడికలు వేస్తే, తనకు నచ్చని పాటకే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చి ఉంటాయి. అప్పుడు దాని 'వేదిక' గడిలో మూడు తగ్గిస్తాడు. శాస్త్రీయ పద్ధతికి పొరపాట్లు దిద్దుకోవడమే ప్రాణమని అతనికి తెలుసు.

అసలు బాధ ఓటింగ్ దగ్గర. 2015 నుంచి ఫోన్ యాప్‌లో హృదయం గుర్తు నొక్కి ఉచితంగా ఓటు వేయొచ్చు, ఒక్కో పాటకు ఐదుసార్ల దాకా. 2019లో ఎస్‌వీటీ యాప్ ఓటర్లను వయసు ప్రకారం ఏడు వర్గాలు చేసింది. ఫోన్ కాల్ చేసి ఓటేసేవాళ్ళది ఎనిమిదో వర్గం. అన్ని వర్గాల మాటకూ సమాన విలువ. అంటే మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల వర్గం ఎంతో, పండితుడున్న 45 నుంచి 59 ఏళ్ళ వర్గమూ అంతే. ఒక పక్క ముప్ఫై ఏళ్ళ గళ్ళ కాగితాలు, ఇంకో పక్క మెరుపు చొక్కా నచ్చి ఐదు హృదయాలూ నొక్కేసిన ఆరేళ్ళ కూతురు. ఇది ప్రజాస్వామ్యానికే ముప్పని పండితుడు ప్రకటిస్తాడు. ప్రకటించి, మిఠాయి పొట్లం చూపించి ఆ పిల్ల ఓట్లు కొనబోతాడు. పిల్ల మిఠాయి తీసుకుంటుంది, ఓటు మాత్రం మార్చదు. చేసేది లేక పండితుడు ఫోన్ అందుకుని డబ్బిచ్చి ఓటు వేస్తాడు. ఆ డబ్బులో కొంత రేడియోయెల్పెన్ అనే సహాయ నిధికి చేరుతుంది. పాట ఓడాక ఆ ఖర్చు దానధర్మాల పద్దులోకి వెళ్తుంది.

ఈ జాతిలో ప్రధానంగా మూడు తెగలున్నాయి. మొదటిది సనాతనుల తెగ. 2001 దాకా మెల్లోలో స్వీడిష్‌లోనే పాడాలనే నియమం ఉండేది. 2002లో అది పోయినప్పుడే సంగీతం పోయిందని సనాతనుడి నమ్మకం. 2025లో కాయ్ బృందం 'బారా బాడా బస్తు'తో గెలిచింది. 1998 తరవాత స్వీడన్ యూరోవిజన్‌కు పంపిన మొదటి స్వీడిష్ పాట అదే. సనాతనుడు జెండా ఎగరేయబోతూ ఆగాడు: పాడిన ముగ్గురూ ఫిన్లాండ్ వాళ్ళు, పాట ఆవిరి స్నానం గురించి.

రెండోది గణకుల తెగ. 1991 యూరోవిజన్‌లో స్వీడన్, ఫ్రాన్స్ చెరి 146 పాయింట్లతో సమానమైతే, పది పాయింట్లు ఎక్కువ దేశాల నుంచి వచ్చినందుకు స్వీడన్ గెలిచిందని గణకుడు నిద్రలో లేపినా చెబుతాడు. 2020 మెల్లో ఫైనల్లో మొదటి స్థానానికి ద మామాస్ 137, రెండో స్థానానికి డాటర్ 136. ఒకే ఒక్క పాయింటు తేడా. ఆ ఏడు కోవిడ్ వల్ల యూరోవిజనే రద్దయింది. అయినా ఆ ఒక్క పాయింటు ఎటు పోవలసిందన్న చర్చ గణకుల్లో తెగలేదు.

మూడోది విరక్తుల తెగ. "నేను మెల్లో చూడను" అన్నది వీళ్ళ దీక్షావాక్యం. సోమవారం ఉదయం ఆఫీసులో కాఫీ దగ్గర ఆ మాట అనేసి, ఎవరు శ్రుతి తప్పారో, వ్యాఖ్యాత చెప్పిన ఏ జోకు పేలలేదో, మూడో స్థానం ఎవరికి దక్కవలసిందో వరసగా చెబుతారు. ఎలా తెలిసిందంటే ఆఫ్టన్‌బ్లాడెట్‌లోనో ఎక్స్‌ప్రెస్సెన్‌లోనో కంటబడిందంటారు. ఆ పత్రికలు ఈ నెలన్నరా మెల్లో కబుర్లతోనే నిండుతాయి కాబట్టి వాళ్ళది పచ్చి అబద్ధమని నిరూపించడం ఎవరి తరమూ కాదు.

ఫైనల్ నాడు సగం పాయింట్లు స్వీడన్ జనానివి, సగం విదేశీ జ్యూరీలవి. 2010లో స్వీడన్ పాట యూరోవిజన్ సెమీఫైనల్‌లోనే ఆగిపోయింది. 1976 తరవాత స్వీడన్ లేని ఫైనల్ అదే. మరుసటి ఏడు నుంచి మెల్లో ఫైనల్లో విదేశీ జ్యూరీలకు పెద్దపీట వేశారు. ఇంట్లో నచ్చింది బయట నచ్చుతుందో లేదో ముందే తెలుస్తుంది. పండితుడికి ఈ ఏర్పాటు మీద స్థిరమైన అభిప్రాయం ఉంది. తన పాటకు పాయింట్లిచ్చిన జ్యూరీ నిష్పక్షపాతమైనది, ఇవ్వనిదానికి స్వీడన్ సంగీతం గురించి ఓనమాలు తెలీవు. 2025 ఫైనల్లో చాలామంది పండితుల కాగితాల మీద మొదట ఉన్న మోన్స్ సెల్మెర్లోవ్ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ కాగితాలు ఆ రాత్రే పొయ్యిలోకి వెళ్ళాయి.

ఫలితం వచ్చిన రాత్రి "దేశం తప్పు చేసింది" అంటాడు పండితుడు. పది రోజులు గడిచేసరికి అదే పాట గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తాడు. ఏప్రిల్ నాటికి దానిలో తనకు మొదట్లో కనబడని లోతులు కనబడతాయి. మేలో యూరోవిజన్ నాటికి అది 'మన పాట'. గెలిస్తే "నేను ముందే చెప్పాను" అంటాడు. ఓడితే "మార్చిలోనే చెప్పాను" అంటాడు. రెండు మాటలూ నిజమే. అతను రెండూ చెప్పాడు.

2025 నాటికి స్వీడన్ యూరోవిజన్‌ను ఏడుసార్లు గెలిచింది: 1974, 1984, 1991, 1999, 2012, 2015, 2023. దీనికి సాటి ఐర్లాండ్ ఒక్కటే. చివరి మూడింటిలో రెండు లోరీన్‌వి. ఆమె కూడా 2011లో మెల్లో రెండో అవకాశం దగ్గర ఓడి ఇంటికెళ్ళి, మరుసటి ఏడు వచ్చి గెలిచినదే. ఈ విజయాల్లో గళ్ళ కాగితాల వాటా సున్నా. అయితే స్వీడన్ పాట యూరప్ ముందు నిలబడే సమయానికి దాన్ని లక్షలమంది పండితులు సోఫాల మీద, కాఫీ బల్లల దగ్గర వారాల తరబడి చీల్చి చెండాడి ఉంటారు. అంత నస తట్టుకున్న పాటకు యూరప్ ఒక లెక్క కాదు. పండితుడు ఎంచిన పాట గెలవదు, గెలిచిన పాట పండితుడి చేతుల్లో నలగకుండా పైకి రాదు. మెల్లోలో అతని ఉద్యోగం అదే. జీతం లేకపోయినా ఏటా ఠంచనుగా హాజరవుతాడు.