కొత్త మేనేజర్లకు తలకిందుల సలహాలు

వేళకి ఇంటికి వెళ్లండి. వెళ్తున్నట్టు అందరికీ కనిపించేలా వెళ్లండి. కొత్తగా ప్రమోషన్ మీద ఏ మండల కేంద్రానికో బ్యాంకు బ్రాంచి మేనేజర్‌గా వెళ్తున్నవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది. అందరికంటే ముందొచ్చి చివర వెళ్లే మేనేజర్‌ని చూసి స్టాఫ్ నేర్చుకుంటారని ట్రైనింగులో చెబుతారు. పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను, స్టాఫ్ నేర్చుకున్నదేమిటో చూశాను. సార్ క్యాబిన్‌లో లైటు వెలుగుతుంటే బ్యాగు సర్దుకోవడానికి మొహమాటపడి, అయిపోయిన రిజిస్టరే మళ్లీ తిరగేస్తూ కూర్చుంటారు. ఎంత టైమిస్తే పని అంత సాగుతుందని పార్కిన్‌సన్ అనే రచయిత 1955లోనే రాశాడు. ఆరుకి షట్టర్ పడుతుందని తెలిస్తే పని ఆరుకే అవుతుంది.

చురుకైనవాడికి పని చెప్పకండి. ప్రతి బ్రాంచిలో అలాంటివాడు ఒకడుంటాడు. బంగారం లోన్లకీ వాడే, పంట రుణాల రెన్యువల్‌కీ వాడే, ప్రింటర్ మొరాయిస్తే వాడే. వాడికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరొచ్చిన రోజు బ్రాంచి కుంటుతుంది. రెన్యువల్స్ నిదానంగా చేసేవాడి చేతికివ్వండి. ఒక్క రోజు పనికి మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. మధ్యలో వెళ్లి మీరు లాక్కోకండి.

జోనల్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడగానే జవాబివ్వకండి. ఎదురుగా పాస్‌బుక్ పట్టుకుని నిలబడ్డ రైతు పని అయ్యాకే ఫోన్ చూడండి.

తప్పు జరిగితే ఎవరు చేశారని అడగకండి. ఇది వింటే పై ఆఫీసర్లు నొసలు చిట్లిస్తారు, నేనూ ఒకప్పుడు చిట్లించినవాణ్నే. ఒక సాయంత్రం క్యాష్ 2,700 తక్కువొచ్చింది. కౌంటర్‌లో ఉన్నది చేరి ఆరు నెలలైనా కాని అమ్మాయి. నేను క్యాబిన్‌లోంచి వచ్చీ రాగానే "ఎవరికి ఎక్కువిచ్చావమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగానే అదే కట్టని మళ్లీ మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. హెడ్ క్యాషియర్ గారు ఒక్క మాటా అనకుండా 2,700ని తొమ్మిదితో భాగించి చూశారు. శేషం లేదు. "అంకెలు అటూఇటూ పడ్డట్టున్నాయి సార్, స్లిప్పులు తీయిస్తాను" అన్నారు. రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో తెగుతుంది, పాత గుమస్తాలందరికీ తెలిసిన లెక్కే. పది నిమిషాల్లో దొరికింది. 6,300 ఇచ్చిన విత్‌డ్రాయల్ స్లిప్పు సిస్టమ్‌లో 3,600గా ఎక్కింది.

ఎక్కిన టైము చూశాను. మధ్యాహ్నం రెండున్నర. పొద్దుట కౌంటర్‌లో కూర్చున్న పిల్ల అప్పటికింకా అన్నం తినలేదు. ఆ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టి ఆమెను భోజనానికి పంపాల్సింది నేను. "ఎవరు" అని అడిగినంతసేపూ ఆ సంగతి నాకు కనపడనే లేదు. మర్నాటి నుంచి ఒంటిగంటకల్లా కౌంటర్‌కి మనిషిని మార్చాం.

ఇక ఆఖరిది, మీకు మింగుడుపడనిది. సెలవు పెట్టండి, పెట్టి ఫోన్ ఎత్తకండి. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏటా ఒకేసారి కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని 2021 జులైలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మోసాలుంటే బయటపడాలని పెట్టిన నియమం అది. నా దృష్టిలో మేనేజర్‌కి అంతకంటే మంచి పరీక్ష లేదు. ఆ నియమం రాకముందు మా అమ్మాయి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టి, పందిట్లో పీటల మీద కూర్చుని కూడా ఫోనెత్తాను. లాకర్ రిజిస్టర్ ఏ బీరువాలో ఉందని ఒకరు, ఫలానా రైతుకి ఏం మాటిచ్చారని ఒకరు. తిరిగొచ్చాక ఆ ఫోన్లన్నీ కాగితం మీద రాసుకుంటే పద్నాలుగు తేలాయి. పద్నాలుగూ నేను ఎవరికీ చెప్పకుండా నా తలలోనే దాచుకున్నవి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది.