కబ్ బ్యాడ్జి సూత్రమునకు లఘుటీక

అవతారిక

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న వీధులయందు గోడలును, స్తంభములును, చెట్టుబోదెలును ఏకకంఠమై జావా నేర్పెదము, టెస్టింగు నేర్పెదము, స్వల్పదినములలో ఉద్యోగమునకు సిద్ధము చేసెదమని ఘోషించుచుండగా, ఆ ఘోషము నడుమనుండి ఒకానొక పాఠశాల తన చిన్నతరగతుల బిడ్డల తలిదండ్రులకు వాట్సాపున పంపిన ఉత్తరువొకటి పెక్కిండ్ల నిద్ర చెరచినది. గంభీరమైన శైలియు, దుర్గ్రాహ్యమైన అన్వయమును, గడువు దాటినవారికి శాపమును గల యీ గ్రంథమునకు ఇంతవరకును వ్యాఖ్య లేకుండుట గొప్ప లోపమని తోచి, మెదకు సీమయందలి కొల్చారమువాడని పెద్దలు చెప్పు మల్లినాథసూరిని మనసున దలచి ఈ టీకకు పూనుకొంటిని. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ఆ మహనీయుడు ప్రతిజ్ఞ చేసెను. ఆయనకు దొరికినది కాళిదాసు గనుక ఆ ప్రతిజ్ఞ చెల్లినది. అక్కరలేనిదానిని ముట్టరాదన్నచో ఈ మూలమున నాకు మిగులునది శనివారమొక్కటియే.

మూలము

“కబ్ విద్యార్థి స్వయముగా రీఫ్ నాట్ వేయవలెను. తల్లి దానిని ఫోటో తీయవలెను. తండ్రి కలర్ ప్రింటు తీయించి బ్యాడ్జి ఫైలునందు అంటింపవలెను. ఇరువురును సంతకము చేయవలెను. శనివారములోగా సమర్పింపనిచో బ్యాడ్జికి అర్హత లేదు.”

పాఠభేదములు

‘ప్రింటు తీయించి’ యను చోట ‘ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి’ యని కాలనీ గ్రూపులందలి ప్రతులలో కానవచ్చుచున్నది. ఇది ప్రక్షిప్తమని కొందరందురు. జిరాక్సు దుకాణమువారు మాత్రము ఇదియే ప్రాచీనపాఠమని గట్టిగా వాదింతురు.

టీక

కబ్, తల్లి, ఫోటో, ఫైలు అనునవి సుబోధములగుటచే విడువబడినవి. విచారింపదగినది కర్తృనిర్ణయము. స్వతంత్రుడైనవాడే కర్తయని వైయాకరణుల మతము. ఈ మూలమున వేయుట, ఫోటో తీయుట, ప్రింటు తీయించుట, అంటించుట, సంతకము చేయుట, సమర్పించుట యని క్రియలారు. అందు బిడ్డకు దక్కినది మొదటిదొక్కటి. తక్కిన యైదును తలిదండ్రుల పాలైనవి. దక్కిన యా యొక్కదానికిని ‘స్వయముగా’ అను క్రియావిశేషణము కాపలా నిలుపబడినది. దీనిపై మతములు మూడు. బిడ్డ గదిలోనుండగా తల్లి వేసినచో చాలునని సన్నిధివాదులు. బిడ్డ చేతులను తన చేతులలోనికి తీసికొని తల్లి ఆడించినచో చాలునని హస్తగ్రాహవాదులు. తల్లి వేసి బిగించిన ముడియొక్క రెండు కొనలను పట్టుకొని బిడ్డ కెమెరా వంక చూచి నవ్వినచో చాలునని చిత్రవాదులు. శుక్రవారము రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట చిత్రవాదమునకు ఎదురులేదు. బిడ్డయే వేయవలెనను నాలుగవ మతమొకటి పూర్వము ప్రచారముననుండెడిదని వినికిడి.

ఆ నాలుగవ మతమునకు ప్రవర్తకుడు బేడెన్ పవెల్. 1907లో బ్రౌన్‌సీ ద్వీపమున కొద్దిమంది బాలురచేత గుడారములు వేయించి స్కౌటు విద్యకు నాంది పలికిన యీ దొర, అన్నల వెంటబడి వచ్చు తమ్ముళ్ల పోరు పడలేక, వారికొరకు 1916లో వేరొక గ్రంథము వ్రాసెను. దానికి కావలసిన కథను, బొంబాయిలో పుట్టిన కిప్లింగు 1894లో అచ్చువేసిన జంగిల్ బుక్కునుండి తీసికొనెను. సియోనీ అడవులలో తోడేళ్లు పెంచిన మౌగ్లీ, ఆ తోడేళ్ల పెద్దయైన అకేలా, ఎలుగుబంటు బాలూ మున్నగువారందరును ఇట్లు సముద్రము దాటిపోయి, ఖాకీ దుస్తులు తొడుగుకొని మరల మన దేశమునకే వచ్చిరి. ఇచ్చట వేర్వేరుగా నడచుచుండిన స్కౌటు సంఘములు 1950 నవంబరు 7న ఒక్కటియై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేర నిలిచినవి. అందు పసివయసు బాలురు కబ్బులు, వారికి నేర్పు పెద్ద అకేలా, బాలికలు బుల్‌బుల్‌లు. కబ్బులకు ప్రథమ చరణము మొదలు చతుర్థ చరణము వరకు సోపానములు, ఆపై గోల్డెన్ ఏరో. నాలుగు చరణములును బిడ్డవేయైనను యతిప్రాసలు తల్లి కుదుర్పవలసిన పద్యమిది.

1916 నాటి ఆ గ్రంథమున చిన్నవారికి విధింపబడిన పరీక్షలు ఎట్టివనగా: పిల్లిమొగ్గ వేయుట, ఒంటికాలిపై గెంతుట, బంతి విసరుట, గడియారము చూచి వేళ చెప్పుట, పండ్లును గోళ్లును శుభ్రముగా నుంచుకొనుట, ముడి వేయుట. వీనికి సాక్ష్యముగా కావలసినది ఎదుట నిలుచుండి చూచు పెద్దవాని కన్నులజత. పిల్లిమొగ్గ పడినదో లేదో పడినవానికిని చూచినవానికిని అక్షణముననే తెలియును. మూడవవాని సంతకముతో పనిలేదు.

విశేషములు

ఇక ముడి. కుడికొనను ఎడమకొనపై వేసి ఒక చుట్టు త్రిప్పి, పిదప ఎడమకొనను కుడికొనపై వేసి మరియొక చుట్టు త్రిప్పినచో రీఫ్ నాట్. రెండుమారులును ఒకే వైపు త్రిప్పినచో పుట్టునది జారుడు స్వభావము గల కపటగ్రంథి. దానిని దొరలు తమ అవ్వల పేర పిలిచిరి. మన అవ్వలు వేసిన ముడి తనంత జారుట ఎవరును కనియుండరు. రీఫ్ నాట్ పలుచగా పరుచుకొనునట్టిది గనుక గాయపు కట్టునకు యోగ్యము, ఒత్తుకొనదు; విప్పవలసివచ్చినపుడు ఒక కొనను వెనుకకు లాగినచో వెంటనే వదలును. కాని రెండు వేరుత్రాళ్లను కలుపుటకు దీనిని నమ్మరాదు. అందుకు షీట్ బెండ్ కలదు, ముఖ్యముగా ఒకటి లావును ఒకటి సన్నమునైన త్రాళ్లకు. ఈ షీట్ బెండే నేతపనివారి ముడియని లోకప్రసిద్ధము. మగ్గముపై పోగు తెగినచో అతుకునది ఇదియే. పోచంపల్లిలో మగ్గపుగుంట ప్రక్కన పెరుగు బిడ్డ, పోగు తెగుటయు, అయ్య దానిని రెప్పపాటున అతుకుటయు అక్షరములు రాకమునుపే చూచుచు పెరుగును; వానికి ఎవ్వరును బ్యాడ్జి కుట్టలేదు. క్లోవ్ హిచ్ అనునది గుంజకు పలుపు కట్టు పద్ధతి. పసులు గల యింట పుట్టినవానికి దానిని చిత్రపటమున చూపి నేర్పబూనుట సాహసము. తాడిచెట్టెక్కు గౌడన్న నడుమునకును చెట్టునకును చుట్టుకొను మోకు సంగతి వేరుగా చెప్పనేల? అచ్చట ముడి తప్పినచో తప్పును దిద్దుటకు గురువు కానరాడు.

దూరమేల, బల్కంపేట ఎల్లమ్మ గుడియెదుట పూలమ్ముకొను ఆమెను చూడుడు. మల్లెకాడలు రెండు ఇటు, రెండు అటు పెట్టి, దారమును వ్రేళ్ల నడుమ మెలిపెట్టి, ఒక్క లాగుడున బిగించును. ఆ చుట్టు క్లోవ్ హిచ్చికి దగ్గరి చుట్టము. ఆమె దానివంక చూడదు. మూర యింతయని బేరమాడుచునే యుండును. ప్రక్కన ఎనిమిదేండ్ల కూతురు కనకాంబరములు కట్టుచుండును. ఆ చేతులు చూచినపిదప ఫైళ్లలోని ముళ్లు చూడబుద్ధిపుట్టదు.

మరియు మన యిండ్లలో ముడి కట్టుటకే కాదు, జ్ఞాపకమునకును ఉపయుక్తము. పసుపుగుడ్డలో రూపాయి ముడిచి దేవునిపటము వెనుక నుంచిన ముడుపు, మ్రొక్కు తీరువరకును విప్పబడదు. అంగడినుండి తేవలసినది మరువకుండుటకు అవ్వ కొంగుకొనన ముడి వేసికొనును. ఆశ్చర్యమేమనగా బేడెన్ పవెల్ ఉపాయమును ఇదియే: స్కౌటు బ్యాడ్జి అడుగున వ్రేలాడు చిన్నముడి, దినమునకొక ఉపకారము చేయవలెనని గుర్తుచేయుటకే యుంచబడినది. ఆ దొరగారును మన అవ్వయు ఏ గ్రంథమును చదువకయే ఏకీభవించిరి. ఆ యుపకారమును ఎవ్వరికిని చెప్పుకొనక చేయుటయే అందము. ఇపుడు దానికిని ఫైలున ఒక పుట కేటాయింపబడినది. వృద్ధురాలి సంచి మోసిన బిడ్డ, ఫోటోలో మొగము సరిగా రాలేదని, ఆమెను మరల మెట్లు దింపి, సంచి మరల మోయవలసివచ్చును.

ఫైలుమాట మరచితిమి. రెండవ సూత్రమునకు వత్తము.

మూలము

“కబ్ విద్యార్థి రహదారిని సురక్షితముగా దాటి చూపవలెను. ఫోటో జతపరుపవలెను.”

టీక

ఇది అసంభవాలంకారమని ఆలంకారికులు. పంజాగుట్ట కూడలియందు ఫ్లైఓవరు పైన ఒక ప్రవాహము, దాని క్రింద ఒక ప్రవాహము, రెంటికిని దారి చూపలేక నిలిచిన మెట్రో స్తంభములును కలవు. మెట్రో స్టేషను మెట్లెక్కి ఆవల దిగరాదా యని పూర్వపక్షము. దిగవచ్చును, అది రహదారిపై నుండి పోవుటయగును గాని రహదారిని దాటుట కాదు. దాటబోయి దాటలేనివారికి నిమ్సు ఆసుపత్రి చేరువనే కలదని మరికొందరు సమాధానపడుదురు. సముద్రలంఘనమునకు ముందు హనుమంతునికి కాలూనుటకు మహేంద్రగిరియైన నుండెను. కబ్బునకు కాలూనుటకు ఫుట్‌పాత్ లేదు. ఉన్నచోట మోటారుసైకిళ్లు, అవి లేనిచోట ట్రాన్స్‌ఫార్మరు, అదియు లేనిచోట త్రవ్వి పూడ్చని గొయ్యి. ఆరేండ్ల బిడ్డకు రోడ్డు దాటుట నేర్పవలసినదే, ఎవరు కాదనిరి? ఏ చోట నిలువబెట్టి నేర్పవలెనో ఉత్తరువున లేదు. ఆ బిడ్డ చదువు బడియే దుకాణముల పైయంతస్తుననుండి, ఆటస్థలమనబడునది కారులు నిలుపు చోటైనపుడు, పిల్లిమొగ్గ పడుటకును చోటు లేదు. చోటులేమిని ఫైలుతో కప్పుచున్నారు. ఈ మాట వ్యాఖ్యాన మర్యాదకు వెలియైనదని యెరుగుదును, కొట్టివేయుటకు మనసొప్పలేదు.

సాధుపాఠము

‘కబ్ ముడి వేయవలెను. అకేలా చూడవలెను.’ క్రియలు రెండు, కర్తలిరువురు. ‘తల్లి నిద్రింపవలెను’ అని మూడవదానిని చేర్చినను అర్థహాని లేదు.

ఈ పాఠమును నలుగురికి చూపదలచి, దాని నకలు తీయించుటకు పంజాగుట్టవైపు పోవు దారిలో ఒక స్టేషనరీ దుకాణమున కెక్కితిని. అతడు కాగితము చదివి, ముక్కుమీది అద్దములు సవరించుకొని, “కబ్ ఫైలా సార్? ఇంత తిప్పలెందుకు, రెడీమేడ్ ఉంది. నూటయాభై,” అనెను. బిడ్డ ఫోటో వలదా యని యడిగితిని. “అదీ మేమే పెడ్తం సార్. ముడి వేసే చేతులే కదా కనబడేది, ఎవరివైతేనేం?”

కర్తృనిర్ణయమును ఇంత నిష్కర్షగా తేల్చిన వ్యాఖ్యాత నాకింతకుమున్ను తటస్థపడలేదు. ఫైలు కొనక వచ్చితిని గాని, ఆ శనివారము సమర్పింపబడిన ఫైళ్లలో ఆ చేతులే ఎన్నింట ముడి వేయుచున్నవో చూచుటకు మూలమున విధి లేదు.