గ్రామసింహానికి సంబంధం కావలెను

వీధిలోనో మురుగు కాలువ పక్కనో దొరికిన చిన్న కుక్కపిల్లకు శాశ్వతంగా ఒక ఇల్లు చూసిపెట్టడాన్ని నగరాల్లోని జంతు సంరక్షకులు దత్తత అని వ్యవహరిస్తున్నప్పటికీ, ప్రకటన వెలువడిన నాటి నుంచి తిరస్కరణ అందే నాటి వరకు ఆ వ్యవహారం నడిచే తీరును దగ్గరగా పరిశీలించినవారికి అది పెళ్లి సంబంధాలు చూసుకునే ఆచారానికే దగ్గరి చుట్టంగా కనిపిస్తుంది. ప్రకటనలో ముందు వయసు, ఆ తరువాత రంగు, చివర గుణగణాలు ఉంటాయి. మట్టిరంగు పిల్లను తేనెరంగుదని, నల్లపిల్లను కళగల ముఖమని, కుంటుతూ నడిచేదాన్ని మహా హుషారైనదని వర్ణించడం ఈ వాఙ్మయంలో స్థిరపడిన సంప్రదాయం. పెట్టింది తింటుంది, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, పెద్దగా అరవదు అన్న మాటలు ఒకప్పటి వధువుల ప్రకటనల్లోని అణకువకూ, ఇంటిపనిలో నేర్పుకూ వారసులు. కట్నం ప్రస్తావన నేరుగా ఉండదు గానీ, టీకాలు వేయించాం, నులిపురుగుల మందు తాగించాం, వయసు వచ్చాక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఖర్చు కూడా మేమే పెట్టుకుంటాం అన్న ఆఖరి వాక్యం ఆ లోటును పూడుస్తుంది.

చూపులు సాధారణంగా ఆదివారం జరుగుతాయి. దత్తత శిబిరం అంటే ఒక షామియానా, రెండు బల్లలు, వరసగా కొన్ని అట్టపెట్టెలు, వాటి వెనక ఎండకు కందిన ముఖాలతో కొందరు యువతీ యువకులు. ఒక పెట్టెలో పాత చీర ముక్క మీద రెండున్నర నెలల ఆడపిల్ల పడుకొని ఉంటుంది. దాని ఒక చెవి నిక్కి ఉండగా రెండోది ఇంకా వాలే ఉంటుంది. వీపు మీద గజ్జి మానిన చోట కొత్త వెంట్రుకలు గరుకుగా మొలుస్తుంటాయి. కేకు పెట్టెకు కట్టే ఎర్ర రిబ్బను ఒకటి మెడకు కట్టి ఉంటుంది, దాని కొసను అదే నములుతూ ఉంటుంది. కారు దిగి వచ్చిన కుటుంబ పెద్ద వంగి చూసి, 'ఏ జాతమ్మా ఇది?' అని అడుగుతాడు. 'ఇండీ, అంకుల్.' 'ఇండీ అంటే?' 'మన దేశవాళీ కుక్క.' 'అంటే వీధికుక్కేగా!' ఇక్కడితో ప్రశ్నలు ముగిసి, జాతకాలు కుదరలేదన్న మర్యాద మాటకు సమానమైన 'ఇంట్లో మాట్లాడి చెబుతాం' అన్న హామీ వెలువడుతుంది. ఇంట్లోవాళ్లంతా అప్పటికే అక్కడే నిలబడి ఉండడం గమనార్హం.

ఇండీ అనేది ఎవరూ పనిగట్టుకొని జత కట్టించకుండానే ఈ నేల ఎండకూ వానకూ తట్టుకొని తరతరాలుగా నిలిచిన కుక్క. పొట్టి వెంట్రుకలు, నిక్కిన చెవులు, పైకి చుట్టుకున్న తోక దాని సాధారణ లక్షణాలు. ఇంత స్వయంకృషి ఉన్న జీవికి వంశావళి పత్రం లేకపోవడమే మహాలోపంగా పరిణమించింది. వంశావళి పత్రం అంటే కుక్క తల్లిదండ్రులను, తాతముత్తాతలను నమోదు చేసి కెన్నెల్ క్లబ్ వంటి సంస్థ ఇచ్చే కాగితం. తమ ముత్తాత పేరు చెప్పమంటే తడుముకునే కుటుంబాలు సైతం కుక్క ముత్తాత పేరును భద్రంగా బీరువాలో దాచుకోవడం నగర నాగరికతలో ఒక విశేషం. 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట పగ్ కుక్క నడిచింది మొదలు, చప్పిడి ముక్కు కారణంగా ఊపిరి తీసుకోవడమే కష్టమయ్యే ఆ జీవి దేశానికంతటికీ ముద్దుబిడ్డ అయింది. సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీ సంతతి, మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో ఏసీ గది దాటకుండా, యజమాని ప్రేమను కరెంటు బిల్లు రూపంలో లోకానికి చాటుతోంది. 2020 ఆగస్టు 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి స్వదేశీ జాతుల పేర్లు చెప్పి వాటిని పెంచుకోమన్నప్పుడు వీధిపిల్లలకూ మంచిరోజులు వస్తాయని ఆశపడినవారు లేకపోలేదు గానీ, స్వదేశీ పంక్తిలోనూ గోత్రం చెప్పగలిగినవాటికే విస్తరి పడింది.

జాతి విషయంలో పట్టువిడుపులు చూపిన ఉదారులు సైతం లింగం దగ్గర గట్టిగా నిలబడతారు. మగపిల్లే కావాలి. ఆడదైతే ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, పిల్లల్ని పెడుతుంది, వాటికి మళ్లీ ఇళ్లెక్కడ వెతుకుతాం అన్నది వాదన. ఒక్క ఆపరేషన్‌తో ఈ బెంగ తీరిపోతుందని, అది చేయించే పూచీ తమదేనని శిబిరం వారు చెప్పినా ఆ మాట చెవికెక్కదు. 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం మనుషుల గర్భాలకే పరిమితం కావడం వల్ల, పెట్టెలోని పిల్లను ఎత్తి వెల్లకిలా తిప్పి చూసుకునే స్వేచ్ఛ పౌరులకు నేటికీ నిరాటంకంగా ఉంది. రంగు సంగతి మరీ చిత్రమైనది. శనిదోషం పోవడానికి నల్లకుక్కకు శనివారం రొట్టె వేయమని జ్యోతిష్కులు చెబుతారు, జనం వేస్తారు; అదే నల్లకుక్కను ఆదివారం ఇంటికి తీసుకువెళ్లమంటే శని వెంట వస్తుందేమోనని వెనకాడతారు. కాలభైరవుడి వాహనానికి వారంలో ఒక్కపూట భోజనం దొరుకుతుంది గానీ వసతి దొరకదు.

ఈ పరీక్షలన్నీ నెగ్గినా అపార్ట్‌మెంట్ సంఘం అనే గడప ఒకటి మిగిలి ఉంటుంది. మహాప్రస్థానిక పర్వంలో తన వెంట వచ్చిన కుక్కను విడిచిపెట్టి రథం ఎక్కమని ఇంద్రుడు ధర్మరాజుతో అంటాడు. కుక్క లేని స్వర్గమైతే తనకూ అక్కర్లేదని ధర్మరాజు నిలబడిపోతాడు. ఆ కుక్క ధర్మదేవతేనని తేలుతుంది. ఈ ఘట్టాన్ని క్లబ్ హౌస్‌లో ప్రవచనకర్త చెబుతుండగా కళ్లు ఒత్తుకున్న కార్యవర్గమే, మరునాడు లిఫ్టు పక్కన 'కుక్కలకు ప్రవేశం లేదు' అన్న కాగితం అంటిస్తుంది. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసినా, ఇంద్రపదవిలో ఉన్నవారు అలాంటి మార్గదర్శకాలను చదివే ఆనవాయితీ పురాణాల్లోనూ లేదు.

వీధికుక్కల పట్ల జనంలో ఉన్న భయాన్ని మాత్రం ఎగతాళి చేయడం తగదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో కుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలయ్యాడు; లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. అయితే ఆ భయం నిజమైనదైతే, టీకా వేయించిన పిల్ల ఒకటి వీధి నుంచి ఇంట్లోకి చేరడాన్ని అందరికంటే ముందు స్వాగతించవలసినవారు భయపడేవారే. ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలన్న 2025 ఆగస్టు 11 నాటి ఉత్తర్వును అదే నెల 22న సవరిస్తూ, జంతుప్రేమికులు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసి కుక్కలను దత్తత తీసుకోవచ్చని, అలా తీసుకున్నది మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రేమికుల సంఖ్యకూ దరఖాస్తుల సంఖ్యకూ గల అంతరం ఏ కాలనీలోనైనా ఊహించుకోదగినదే.

శిబిరం వారు కూడా ఈ వ్యంగ్యానికి అతీతులు కారు. ఆధార్ కార్డు, ఇంటి యజమాని అనుమతి లేఖ, ఇంటి తనిఖీ వంటి నిబంధనలు అవసరమే గానీ, అద్దెకుండేవారినీ, పెళ్లికానివారినీ చూడగానే ముఖం ముడుచుకునేవారు కొందరు వారిలోనూ ఉన్నారు. ఆ కట్టుదిట్టాలకు కారణం వెనక్కి వచ్చే పిల్లలు. చెప్పు కొరికిందని, రాత్రంతా ఏడ్చిందని, బాబుకు ఇంటర్ పరీక్షలని, అబ్బాయి ముచ్చటపడి తెచ్చి అమెరికా వెళ్లిపోయాడు, మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు నుంచి మేమెక్కడ దించుతామని రకరకాల కారణాలు చెబుతారు. వీరు ఒక విధంగా మెరుగు, అడిగి అప్పగిస్తున్నారు. మరికొందరు కారులో తీసుకెళ్లి ఔటర్ రింగ్ రోడ్డు అవతల దించి వస్తారు. కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. మొదటిసారి చేసినవారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. దీన్ని పెంచడానికి 2022లో కేంద్రం సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది గానీ, కుక్క మెడపట్టీ ధర కంటే తక్కువైన ఆ జరిమానాయే ఇప్పటికీ అమల్లో ఉంది.

కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది, దానికి ఏటా రేబిస్ టీకా వేయించాలి, పండుగకు ఊరెళ్లినప్పుడు ఎవరికో ఒకరికి అప్పగించి వెళ్లాలి. ఇంటిల్లిపాదీ ఈ మూడింటికీ ఒప్పుకున్నాకే శిబిరానికి వెళ్లాలి. వెళ్లినవారు దయచేసి నల్లటి ఆడపిల్ల ఉందా అని ముందు అడగాలి.