తాతలు తాగిన నేతులు, గుర్రాల మూతులు

మలక్‌పేట రేసుకోర్సులో చలికాలం సీజను మొదలై, రెండేళ్ల పిల్ల గుర్రాలు తొలిసారి గేట్లలోకి అడుగుపెట్టే రోజులు వచ్చాయంటే రేసు కాలమిస్టుల కలాలకు పూనకం వస్తుంది. బరిలో దిగే గుర్రాల్లో ఒక్కటీ అప్పటిదాకా ఒక్క పందెమూ పరిగెత్తి ఉండదు. గెలుపు లేదు, ఓటమి లేదు, టైమింగు లేదు. రేసు పుస్తకంలో పాత పరుగుల వివరాలు ఉండాల్సిన చోట తెల్లకాగితం. అయినా మనవాడికి అన్నీ తెలుసు. ఒకటి ‘మహా వంశంలో పుట్టింది’, ఇంకోటి ‘డెర్బీ విజేతకు స్వయానా తమ్ముడు’, మూడోది ‘అచ్చం తండ్రి పోలిక’, నాలుగోదాని ‘నడకలోనే రాజసం ఉట్టిపడుతోంది’. ఏమీ తెలియని విషయం మీద ఇంత ధీమాగా చెప్పడం జ్యోతిషం తర్వాత ఈ ఒక్క వృత్తిలోనే చెల్లుబాటవుతోంది. జ్యోతిషుడే నయం, ఫలితానికి కొన్నేళ్లు గడువు పెట్టుకుంటాడు. వీళ్ల జాతకం నిమిషం పైచిలుకులో జనం కళ్లెదుటే తేలిపోతుంది. అయినా వచ్చేవారం మళ్లీ అదే ధీమా.

ఆ ధీమాకు కారణం లేకపోలేదు. ఈ విద్యలో తప్పు పట్టుబడే దారులన్నీ ముందే మూసేశారు. గొప్ప వంశం అన్న గుర్రం గెలిస్తే రక్తం పలికింది. నాలుగో స్థానంలో వస్తే ‘ఇంకా పచ్చిగా ఉంది, ఈ పరుగుతో దారిలో పడుతుంది’. అందరికన్నా వెనక వస్తే తప్పు దూరానిది: ఈ వంశం పన్నెండు వందల మీటర్లకు పుట్టిందా, పదహారు వందలకు పుట్టింది కానీ. పదహారు వందల్లోనూ వెనకే వస్తే నేల మెత్తగా ఉండి ఉంటుంది, లేదా జాకీ తొందరపడి ఉంటాడు. పోనీ, ఎవరూ పట్టించుకోని తల్లికి పుట్టిన అనామకం గెలిచిందనుకోండి, అప్పుడైనా ఒప్పుకుంటారా? మర్నాటికి ఆరో తరం దాకా తవ్వి ఒక ఘనుణ్ని పట్టుకొస్తారు. ఆరో తరంలో ఏ గుర్రానికైనా 64 మంది పూర్వీకుల పేర్లుంటాయి. అంతమందిలో ఒక్క మొనగాడైనా దొరక్కపోడు. అమెరికాలో సెక్రటేరియట్ అనే గుర్రం 1972 జూలై 4న తన తొలి పందెంలో నాలుగో స్థానంలోనే వచ్చింది. మరుసటి ఏడాదికి చరిత్రలోనే మేటి గుర్రాల్లో ఒకటైంది. తొలి పరుగులో తేలిపోయిన ప్రతి గుర్రానికీ ఈ ఉదాహరణ రక్షరేకులా కట్టేస్తారు. నాలుగో స్థానంలో మొదలుపెట్టి నాలుగో స్థానంలోనే ముగించిన వేల గుర్రాలకు మాత్రం పేర్లు గుర్తుపెట్టుకునేవాళ్లు లేరు.

ఈ వంశకీర్తనలకు మూలం వేలం కేటలాగు. దాన్ని ఒకసారి దగ్గరగా చూడాల్సిందే. గుర్రానికో పేజీ. పైన తండ్రి, తల్లి, తాతలు, ముత్తాతల పట్టిక. కింద తండ్రి ఘనతలు. ఆ తర్వాత మొదటి తల్లి, రెండో తల్లి, మూడో తల్లి అంటూ తల్లివైపు మెట్లు. పెద్ద రేసుల్లో గెలిచిన బంధువుల పేర్లు మాత్రం లావుపాటి నల్లటి అక్షరాల్లో ఉంటాయి. దాన్నే బ్లాక్ టైప్ అంటారు. కన్ను ముందు ఆ నలుపు మీదే పడుతుంది, పడాలనే అలా అచ్చువేస్తారు. మొదటి తల్లి పిల్లలు బాగా పరిగెత్తి ఉంటే పేజీ అక్కడే నిండిపోతుంది. పరిగెత్తకపోతేనే చిక్కు. అప్పుడు పేజీ రెండో తల్లి మీదుగా మూడో తల్లికి, అక్కడా లేకపోతే నాలుగో తల్లికి దిగుతుంది. ముత్తవ్వ చెల్లెలి మనవడు ఏ దేశంలోనో గెలిచిన కప్పు దొరికేదాకా దిగుతూనే ఉంటుంది. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంతే కదా, అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ‘వాళ్ల పెదనాన్న తోడల్లుడు కలెక్టరు’ అంటాడు. కాకపోతే కేటలాగు చదవడం తెలిసినవాడికి గుట్టు వెంటనే అందుతుంది: నల్ల అక్షరం కోసం ఎంత కిందికి దిగాల్సి వస్తే ఆ కుటుంబం అంత పలచన. కాలమిస్టుకూ ఈ సంగతి తెలుసు. కానీ తన పాఠకుడికి ఆ నల్ల పేరొక్కటే వడ్డిస్తాడు, ఎన్నో మెట్టు మీద దొరికిందో చెప్పడు.

ఇందులో ఇంకో మర్యాద ఉంది. గుర్రాల లోకంలో అన్నదమ్ములంటే ఒక తల్లి పిల్లలే. తండ్రి ఒకడే అయినంత మాత్రాన బంధుత్వం కలపరు. నిజాయితీ గల నియమమే. పేరున్న స్టాలియన్ ఏటా నూటయాభై ఆడగుర్రాలకు పైగా దాటుతుంది, దాని సంతానమంతా తోబుట్టువులైతే దేశం సగం ఒకే ఇల్లవుతుంది. కానీ ఆ నియమం నోరు విప్పని సంగతి ఒకటుంది. అంతమంది పిల్లల్లో పదిమంది మెరిస్తే ఆ పది పేర్లే తండ్రి గొప్పతనమవుతాయి. మిగతా నూటనలభై మంది ఏమయ్యారని ఎవరూ అడగరు. వంద బాణాలు వేసినవాడికి తగిలిన మూడింటినీ చూపించి విలుకాడని పేరు పెట్టొచ్చన్నమాట.

అసలు ‘మహా వంశం’ అన్న పొగడ్తకు ఈ రేసుల్లో అర్థమేమిటో చూద్దాం. పరిగెత్తేవన్నీ థరోబ్రెడ్‌లే. ఆ జాతికి మగవైపు మూలపురుషులు ముగ్గురే: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. పదిహేడో శతాబ్దం చివరికీ పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగానికీ మధ్య తూర్పు దేశాల నుంచి ఇంగ్లండు చేరిన గుర్రాలవి. ఇవాళ్టి మగ వంశాల్లో నూటికి తొంభై అయిదు దాకా ఒక్క డార్లీ అరేబియన్ దగ్గరికే వెళ్తాయి. 1791లో ఇంగ్లండులో అచ్చైన జనరల్ స్టడ్ బుక్ నాటి నుంచి వంశావళి రాసిపెట్టి, బయటి రక్తం కలవకుండా తలుపులు బిగించుకున్న జాతి ఇది. కాబట్టి మలక్‌పేట గేట్లలో నిలబడ్డ ప్రతి గుర్రమూ రాజకుమారుడే, పక్క గేటులోవాడికి దాయాదే. అందరూ కిరీటాలు పెట్టుకుని నిలబడ్డ వరసలో ఒకణ్ని చూపించి ‘ఇతగాడు రాజవంశీకుడు’ అనడం వల్ల పందెం కాసేవాడికి ఒరిగేదేమిటి? (ఈ వాక్యం చదువుతుంటే గుర్రాలు కానివాళ్లెవరైనా గుర్తొస్తే ఆ పూచీ నాది కాదు.)

ఇక్కడ చదువుకున్న పాఠకుడు అడ్డుతగులుతాడు: అయితే వారసత్వానికి విలువే లేదంటారా, తరతరాలుగా గుర్రాలు పెంచేవాళ్లంతా వెర్రివాళ్లా? కాదు. పరుగు సామర్థ్యంలో గుర్రానికీ గుర్రానికీ ఉన్న తేడాలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ పుట్టుకదేనని డబ్లిన్ పరిశోధకులు 1988లోనే లెక్కగట్టారు. ఆ లెక్కను కాదనను. దాన్ని ఇటువైపు నుంచి కూడా చదవమంటాను: మిగతా రెండు వంతులు మరెక్కడో ఉన్నాయి. అదీగాక గెలుచుకున్న డబ్బు వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా పలచబడుతుంది. 2008లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం పరిశోధకులు జీవితకాలపు సంపాదనలో పుట్టుకతో వచ్చే వాటా పదో వంతేనని తేల్చారు. తండ్రి గుర్రానికి కట్టే ఫీజు ఎంత ఎక్కువైతే పిల్లకు అంత మంచి జన్యువులు వస్తాయనడానికి ఆధారం కూడా దొరకలేదు. ఖరీదైన తండ్రుల పిల్లలు ఎక్కువ గెలుస్తాయన్నది నిజమే. అంత ఫీజు కట్టగల యజమానికి మంచి దాణా, మంచి ట్రైనర్, మంచి జాకీ కూడా అందుబాటులో ఉంటారన్నదీ అంతే నిజం. ఆస్తి చేసిన పనికి రక్తం సన్మానం చేయించుకుంటోంది.

ఆ పుట్టుకైనా పిల్లలందరికీ ఒకే కొలతతో పంచిపెట్టదు. 1969లో అమెరికాలో ఇద్దరు యజమానులు, బోల్డ్ రూలర్ అనే మేటి గుర్రం పిల్లల్లో ఎవరికి ఏవి దక్కాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. టాస్ గెలిచిన ఆగ్డెన్ ఫిప్స్ అప్పటికే పుట్టి కళ్లెదుట నిలబడ్డ ఆడపిల్లను తీసుకున్నాడు. దాని పేరు ది బ్రైడ్; ఒక్క రేసూ గెలవలేదు. ఓడిన పెన్నీ చెనరీకి అదే తల్లి కడుపులో ఇంకా పుట్టని పిల్ల దక్కింది. ఆ పిల్లే సెక్రటేరియట్. తండ్రి అదే, తల్లి అదే, కేటలాగు పేజీలో పూర్వీకుల పట్టిక పొల్లు తేడా లేకుండా అదే. వంశం చూసి పందెం కాసేవాడు ఆ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగేవాడా?

వంశవాదులకు కులదైవం నార్తర్న్ డాన్సర్. ప్రపంచంలో ఇవాళ ఖరీదైన రక్తమంటే చాలావరకు దానిదే. ఆ గుర్రాన్ని పిల్లగా ఉన్నప్పుడు కెనడాలో 25,000 డాలర్లకు అమ్మకానికి పెడితే, పొట్టిగా ఉందని ఎవరూ కొనలేదు. 1964లో అది కెంటకీ డెర్బీ గెలిచింది. ఆ తర్వాత ప్రపంచం చెంపలేసుకుని ఎదురు కొసకు పరిగెత్తింది. 1983లో దాని కొడుకు స్నాఫీ డాన్సర్‌ను దుబాయ్ షేక్ మహమ్మద్ తరఫున కోటీ రెండు లక్షల డాలర్లకు పాడుకున్నారు. అది ఒక్క పందెంలోనూ పరిగెత్తలేదు. పోనీ సంతానానికైనా పనికొస్తుందేమోనని చూస్తే నాలుగు పిల్లలతో ఆ ముచ్చటా తీరిపోయింది. అటు సియాటిల్ స్లూ అనే గుర్రం 1975లో 17,500 డాలర్లకు అమ్ముడుపోయి, 1977లో ఓటమన్నది లేకుండా అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. ఆ వెలుగులో దాని తల్లికే పుట్టిన సియాటిల్ డాన్సర్‌కు 1985లో పాట కోటీ ముప్ఫైఒక్క లక్షల డాలర్ల దాకా పోయింది. రెండు రేసులు గెలిచింది పాపం. పందేల సంపాదన పెట్టిన సొమ్ములో రెండు శాతం కూడా కాలేదు.

ఎదుటివాళ్ల చేతిలో ఒక మంచి ముక్క ఉంది, దాచడం న్యాయం కాదు. నార్తర్న్ డాన్సర్ కొడుకే రజీన్. 1990 ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనకబడి వచ్చింది. తర్వాత మన దేశానికి వచ్చి, ఉషా స్టడ్‌లో ఏళ్ల తరబడి దేశంలోకెల్లా మేటి తండ్రిగా నిలిచింది. పరుగులో ఓడినా రక్తం గెలిచిందిగా అంటారు. గెలిచింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరి లెక్కలో? వందల పిల్లలను పుట్టించే పెంపకందారు లెక్కలో. అతనికి సగటు చాలు. పదింటిలో రెండు మెరిసినా గిట్టుబాటే. పందెం కాసేవాడికి దొరికేది ఒక గుర్రం, ఒక మధ్యాహ్నం, ఒక పరుగు. సగటుతో అతనికి పనిలేదు. ఎప్సమ్‌లో ఆ రోజు రజీన్ మీద డబ్బు పెట్టినవాడికి ‘దీని పిల్లలు ఇండియాలో ఇరగదీస్తాయి’ అని చెబితే ఏమంటాడో ఊహించుకోండి.

సరే, కొత్త గుర్రం గురించి వంశం తప్ప రాయడానికి ఇంకేముంది అంటారా? బోలెడుంది. మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. జనవరిలో పుట్టిందీ ఏప్రిల్‌లో పుట్టిందీ కాగితం మీద ఒకే ఈడు. రెండేళ్ల వయసులో మూడు నెలల ఎముక బలం చిన్న తేడా కాదు. పుట్టిన తేదీ ఎక్కడో అచ్చయ్యే ఉంటుంది, దాన్ని పట్టించుకునే కాలమిస్టు మాత్రం అరుదు. ఫలానా ట్రైనర్ కొత్త గుర్రాలను తొలి పరుగుకే సిద్ధం చేసి తెస్తాడా, లేక మొదటి రెండు పందేలనూ తాలీం కింద వాడుకుంటాడా? గేటు తెరిచినప్పుడు ఆ గుర్రం బెదురుతుందా? పొద్దుటి గాలప్‌లో తోటి గుర్రంతో సమంగా వచ్చిందా, జాకీ కొరడా ఎత్తితే గానీ కదల్లేదా? ఇవన్నీ తెలియాలంటే తెల్లవారుజామున లేచి ట్రాక్ దగ్గర చలిలో నిలబడాలి. వంశవృక్షానికి ఆ బాధ లేదు, మంచం మీద పడుకునే చదవొచ్చు. పూర్వం అశ్వశాస్త్రం తెలిసినవాళ్లు సుడులు లెక్కపెట్టి యజమాని యోగం చెప్పేవారని నవ్వుతాం. కనీసం ఆ సుడులు ఎదురుగా నిలబడ్డ గుర్రం ఒంటి మీద ఉండేవి.

సరదా రాతలకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్లకు ఒక మాట. గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని 1996లో సుప్రీంకోర్టు మద్రాసు కేసులో తీర్పిచ్చింది. గుర్రం గురించి తెలుసుకుని కాసేవాడికీ కళ్లు మూసుకుని కాసేవాడికీ తేడా ఉందన్న నమ్మకం మీదే ఈ రేసుకోర్సులన్నీ నిలబడి ఉన్నాయి. జీఎస్టీ వాళ్లు మాత్రం ఆ తేడాను ఎన్నడూ లెక్కచేయలేదు: 2023 అక్టోబరు నుంచి పందెం పూర్తి మొత్తం మీద 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి కేసినోల పక్కన కూర్చోబెట్టి 40 శాతం. నిరుడు పదిసార్లు పరిగెత్తిన గుర్రం విషయంలో కోర్టువారి మాటే నిజమని వాదించొచ్చు. ఒక్కసారీ పరిగెత్తని గుర్రాల పందెంలో, తాతల పేర్లు తప్ప ఇంకేమీ ఇవ్వని కాలమ్ చదివి డబ్బు పెట్టేవాడి నైపుణ్యం ఏపాటిదో! పన్నులవాళ్లకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

చివరికి మిగిలే వాదన బజారుది. కోట్లు పెట్టి కొనేవాళ్లు అమాయకులా, వాళ్లకు తెలియదా అని. 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడా వేలానికి ది గ్రీన్ మంకీ అనే రెండేళ్ల గుర్రం వచ్చింది. దాని పట్టికలో నార్తర్న్ డాన్సరూ ఉంది, సెక్రటేరియట్టూ ఉంది. కొనేవాళ్ల ముందు ఫర్లాంగు దూరం 9.8 సెకండ్లలో పరిగెత్తి చూపించింది. లోకంలోకెల్లా పెద్ద అశ్వ సామ్రాజ్యాలు రెండూ పోటీపడి పాడాయి. ఐర్లండుకు చెందిన కూల్‌మోర్ వాళ్లు కోటీ అరవై లక్షల డాలర్లకు దక్కించుకున్నారు. 2007 సెప్టెంబరులో తొలి పందెం, మూడో స్థానం. ఆ తర్వాత మరో రెండు పందేలు, అంతే. మొత్తం సంపాదన 10,440 డాలర్లు. అప్పుడు దాన్ని ఏం చేశారనుకున్నారు? ఫ్లోరిడాలోనే 5,000 డాలర్ల ఫీజు పెట్టి వంశోద్ధారకుణ్ని చేశారు. ఒక్క రేసూ గెలవని గుర్రానికి తండ్రయ్యే అర్హత ఎక్కణ్నుంచి వచ్చిందని అడక్కండి. మహా వంశం మరి.