పై గది కిటికీ

ఎడిన్‌బరో నగరంలో, రాళ్ళు పరిచిన ఒక వాలు వీధిలో, పది గదుల చిన్న హోటల్ ఉంది. దాని పై అంతస్తులో వెనకవైపు గదికి కిటికీని నేను.

మీ ఇళ్ళలో కిటికీకి రెక్కలుంటాయి, బయటికి తెరుచుకుంటాయి. నాకున్నవి పైకీ కిందికీ జరిగే రెండు చట్రాలు. ఒక్కోదానికి ఆరు గాజు పలకలు. అసలు పనితనం మీకు కనపడదు. రెండు పక్కలా పెట్టెల్లో కప్పీలు, తాళ్ళు, తాళ్ళ చివర ఇనుప గుండ్లు ఉంటాయి. గుండ్ల బరువు చట్రం బరువుకి సరితూగుతుంది కాబట్టి ఎక్కడ వదిలితే అక్కడ నిలబడతాను. ఏతాం తొక్కినవాళ్ళకి ఈ కిటుకు వేరే చెప్పక్కర్లేదు.

కోట గుట్ట మీది పాత పట్నంలో జనం అంతస్తు మీద అంతస్తుగా కిక్కిరిసి బతికేవారు. 1767లో జేమ్స్ క్రెయిగ్ ప్లాను ప్రకారం ఉత్తరాన కొత్త పట్నం మొదలైంది. కలిగినవాళ్ళు ఇటు తరలివచ్చారు. 1802లో రాబర్ట్ రీడ్, విలియం సిబ్బాల్డ్ దాన్ని ఇంకా ఉత్తరానికి పెంచే ప్లాను వేశారు. మా వీధి అందులోది. అప్పట్లో కిటికీలకి పన్నుండేది. అది కట్టలేక కొందరు కిటికీలు పూడ్చేసుకున్నారు. 1851లో ఆ పన్ను ఎత్తేసేదాకా నా యజమానులు కడుతూనే వచ్చారు. వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

నాకు కోట కనపడదు, వినపడుతుంది. 1861 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలుస్తున్నారు. ఫోర్త్ సముద్రపాయలో ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టిన ఏర్పాటది. ఆదివారాలు పేల్చరు. పేల్చినప్పుడల్లా నా గాజులు చిన్నగా వణుకుతాయి. కొత్తగా దిగినవాళ్ళు ఉలిక్కిపడి నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. నాకు కనిపించేది ఉత్తరం దిక్కు. ఇళ్ళ కప్పులు, పొగగొట్టాలు, వాటి వెనక నీళ్ళు, ఆవలి ఒడ్డున ఫైఫ్ కొండలు. సముద్రం మీంచి పొగమంచు వచ్చిందంటే అవేవీ ఉండవు. దాన్ని ఇక్కడివాళ్ళు హార్ అంటారు.

నా చెడ్డరోజుల గురించి కూడా చెప్పాలి. ఇల్లు అద్దెగదులుగా, తర్వాత ఆఫీసుగా మారింది. రంగు మీద రంగు పూసి నా చట్రాల్ని ఎక్కడివక్కడ అతికించేశారు. తాళ్ళు కుళ్ళిపోయాయి. ఏళ్ళ తరబడి నన్నెవరూ తెరవలేదు. హోటల్ పెట్టడానికి వచ్చినవాళ్ళకి ఎవరో నన్ను పీకేసి ప్లాస్టిక్‌ది బిగించమని సలహా ఇచ్చారు. వాళ్ళు వినలేదు. వడ్రంగిని పిలిపించారు. ఆయన సందుల్లో కత్తి ఆడించి రంగు కోశాడు. కొత్త తాళ్ళు వేశాడు. పగిలిన ఒక్క గాజునే మార్చి, అలలు తిరిగినట్టుండే పాత గాజుల్ని అలాగే ఉంచాడు. గుండు మళ్ళీ పెట్టెలో దిగిన ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

1995లో పాత, కొత్త పట్నాలు రెండింటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. అయినా నా తాడు నలిగితే ముందు తెలిసేది పొద్దున్నే గది సర్దే అమ్మాయికి. రోజూ తెరిచి మూసేది ఆమే కదా.

మొన్న జులైలో గుంటూరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. కూతురికి ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ పట్టా. లిఫ్ట్ లేదు. గుండ్రంగా తిరిగే రాతిమెట్ల మీద పెట్టెలు మోసి ఆయన ఆయాసపడ్డారు. పొద్దున టిఫిను చేసి వచ్చి, "ఓట్సుతో జావ కాచారండీ, ఉప్పేసి. మన జావే అనుకోండి," అంది ఆవిడ. మర్నాడు పట్టాలిచ్చే మెక్‌ఈవన్ హాలు నుంచి వచ్చాక చీరైనా మార్చుకోలేదు. నా ముందు కుర్చీలో కూర్చుంది.

"చూశారా, గుళ్ళో శఠగోపం పెట్టినట్టు పిల్ల తల మీద టోపీ పెట్టి తీశారు."

"చూశానే. నువ్వు ఏడుస్తున్నావు, అదీ చూశాను."

ఆ హాల్లో పట్టా పుచ్చుకునే ప్రతివాళ్ళ తల మీదా ఒక పాత టోపీ తాకించడం ఆచారం. ఇన్నేళ్ళలో ఎందరో దాని సంగతి చెప్పగా విన్నాను. ఎవరూ అంత బాగా చెప్పలేదు.

తొమ్మిదిన్నరైనా వెలుగు తగ్గలేదు. "దీపం పెట్టే వేళ ఎప్పుడొస్తుందండీ ఇక్కడ?" అంటూ నన్ను ఒక్క చేత్తో, ఒక పక్కనే పట్టి ఎత్తబోయింది. వాలిపోయి ఇరుక్కున్నాను. కూతురు వచ్చి, "రెండు చేతులమ్మా," అని తల్లి రెండు చేతులూ చట్రం మీద పెట్టింది. లేచాను. చల్లగాలి లోపలికొచ్చింది. వెలుగు పోయేదాకా ముగ్గురూ ఫైఫ్ కొండలకేసి చూస్తూ నిలబడ్డారు.

మీరూ వస్తే, డిసెంబరులోనైతే మూడున్నర దాటగానే నా లోపలి చెక్క తలుపులు మూసెయ్యండి, గది వెచ్చగా ఉంటుంది. జులైలోనైతే పది దాకా మూయకండి. తెరిచేటప్పుడు మాత్రం రెండు చివరలా పట్టుకుని, మెల్లగా ఎత్తండి.