యాస కమెడియన్‌కి, కథ హీరోకి

భిన్న సంస్కృతుల కథలు రాయడం నేర్పుతామంటూ కొత్త రచయితలకు నగరాల్లో స్క్రీన్‌ప్లే వర్క్‌షాపులు పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ భిన్నత్వం శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చుట్టుపక్కల ఫీజు లేకుండానే దొరుకుతుంది. మైదానంలో తెలుగు, సరిహద్దున ఒడియా, కొండల మీద సవర. ఆ సవరకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ నేల మీదే. అయినా వెండితెర మీద సిక్కోలు (శ్రీకాకుళం) యాసకు దక్కేది ఎక్కువగా పనిమనిషి వేషమో, కమెడియన్ వేషమో. ఆమదాలవలసలో ఉన్న స్టేషన్‌కి శ్రీకాకుళం రోడ్ అని పేరు పెట్టినట్టు, కథ ఒకరిది, బోర్డు ఇంకొకరిది.

'పలాస 1978' రాలేదా, పాకిస్థాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల మీద 2025లో 'తండేల్' రాలేదా అంటారు. వచ్చాయి, ఆడాయి కూడా. సరుకు ఇక్కడుందనడానికి అవే సాక్ష్యం. సరుకుంటే చాలదు, శిల్పం నేర్వాలంటారా? నిజమే. 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావు 1997లో పక్కనున్న శ్రీకాకుళంలోనే కథల గ్రంథాలయం 'కథానిలయం' పెట్టారు. శిల్పానికి అంతకన్నా మంచి బడి ఏముంది? వర్క్‌షాపు అక్కడే పెట్టి, మొదటి రోజే ఓ షరతు రాయించండి: సిక్కోలు యాస మాట్లాడే పాత్రకు ఓ ఇంటిపేరు, ఓ ఆశయం ఉండి తీరాలి. నవ్వించే పని కావాలంటే హీరోగారికి అప్పజెప్పండి.