పుస్తెలతాడు కట్టించుకున్న బీపీ

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే హాలియాలో ఫంక్షన్ హాళ్లకన్నా ముందు ఫార్వర్డ్ మెసేజ్‌లతో ఫోన్లు నిండిపోతాయి. పుస్తెలతాడు ఎదకు తగులుతుంటే రక్తప్రసరణ బాగుంటుందట. బంగారం బీపీని అదుపులో పెడుతుందట. నల్లపూసలు ఒంటి వేడిని లాగేస్తాయట. మన పెద్దలు ఎంత శాస్త్రవేత్తలో చూడండంటూ చివర నాలుగు దండాల బొమ్మలు.

అయ్యా, మన దిక్కు పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. గుండెకు ఎడమ పక్క ఏది పనిచేస్తుందో, కుడి పక్క ఏదో కూడా సెలవిస్తే బాగుండేది. బీపీ మగవాళ్లకూ వస్తుంది కదా, మరి వాళ్ల మెడలెందుకు బోసిగా ఉన్నాయి? నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లండి. దాదాపు 1700 ఏళ్ల నాటి ఇక్ష్వాకుల శిల్పాల్లో మగవాళ్లూ హారాలు వేసుకుని దర్జాగా ఉన్నారు. మన చుట్టుపక్కల తండాల్లో లంబాడీ ఆడవాళ్లకు పెళ్లయిన గుర్తు జుట్టుకు వేలాడే ఘుగ్రీ, టోప్లీ. వాళ్ల గుండెలేం ఆగిపోలేదు. అన్నిటికన్నా పెద్ద అనుమానం ఇంకొకటుంది. భర్త పోగానే ఆ తాడు తీయిస్తారు. గుండెజబ్బులు మొదలయ్యే వయసులో మందు ఆపేయమన్న ఆ వైద్యుడెవరు?

ఈ వైద్యానికి సెలవులు కూడా ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలి నాట్లు మొదలైతే ఎరువులకు పైసలు కావాలి. పుస్తెలతాడు గోల్డ్ లోన్ కౌంటర్ ఎక్కుతుంది, ఇల్లాలి మెడలో పసుపుతాడు మిగులుతుంది. వడ్లు కాంటా అయి, ఖాతాలో పైసలు పడేదాకా ఆమె బీపీ గురించి ఎవరూ అడగరు. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటాక మన మగవాళ్లకు సంస్కృతి మీద మమకారం మరీ పెరిగింది.

తాకట్టు తప్పని నేననను. కాసులపేరూ గుండ్లపేరూ కూడబెట్టింది ఆపదకు ఆదుకుంటాయనే. ఆ ముక్క నేరుగా చెప్పడానికి సిగ్గెందుకు? చెబితే చిక్కుంది మరి. అది ఆస్తి అని ఒప్పుకుంటే ఎవరి ఆస్తి అని అడుగుతారు. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. దండాల బొమ్మలు పెట్టి ఆ తీర్పును ఫార్వర్డ్ చేసినవాడు నాకింతవరకు తగల్లేదు.

ఈ వానాకాలం తాకట్టుకు పోయేటప్పుడు ఆమెను వెంట తీసుకుపోండి. రసీదు ఆమె పేరు మీదే రాయించండి.